పది సెకన్ల గది చప్పుడు

పోయిన నెల మా చర్చి సంఘంలో కాంతమ్మ వదిన చేసిన వీడియో వింటుంటే నాకు ఒళ్లు జలదరించింది. అది చేపల పులుసు వీడియో, భయపడాల్సిందేమీ లేదు. శనివారం మధ్యాహ్నాలు మందిరం వెనక గదిలో ఆరేడుగురు ఆడవాళ్లకు, పైసా ఖర్చు లేకుండా దొరికే సాఫ్ట్‌వేర్లతో వీడియోలు చేసుకోవడం గురించి నాకు తెలిసిన చిన్న చిన్న కిటుకులు చెబుతుంటాను. వదిన అన్నీ నేను చెప్పినట్టే చేసింది. కిటికీకి ఎదురుగా నిలబడింది, ఫోనుని బియ్యం డబ్బాకి ఆనించింది, పొయ్యి పక్కన థర్మోకోల్ అట్ట పెట్టి నీడ పోగొట్టింది. గొంతు మాత్రం ఖాళీ బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు ఉంది. ఎందుకో చూద్దామని ఆవిడ మొదట్లో రికార్డు చేసిన పది సెకన్లు వేరే తీసి విన్నాను.

ఆ పది సెకన్ల సంగతి చెప్పాలి. మాట మొదలుపెట్టే ముందు ఎవరూ నోరు మెదపకుండా పది సెకన్లు ఊరికే రికార్డు చెయ్యాలి. అందులో పడేది గది చప్పుడు: ఫ్రిజ్జు, వీధి, పక్కింటి టీవీ. దాన్ని సాఫ్ట్‌వేరుకి చూపించి, ఇదిగో ఇది చెత్త, వీడియో మొత్తంలో ఎక్కడున్నా ఊడ్చెయ్యి అని చెబుతాం. అది మంచి పనిమనిషి లాంటిది. చూపించిందల్లా ఊడుస్తుంది, ఎందుకని అడగదు. వదిన పది సెకన్లలో ఫ్రిజ్జు ఉంది, వీధి ఉంది, వాటితో పాటు సన్నగా వదిన కూడా ఉంది.

"పది సెకన్లు ఊరుకోమన్నాను కదా వదినా."

"ఊరుకున్నాను కదే. నోట్లోనే ప్రార్తన సేసుకున్నాను. అదీ మాట్లాడ్డమేనేటి?"

అందరూ నవ్వారు. "మన సంఘంలో పది సెకన్లు ఊరుకునేవోళ్లు ఎవరున్నారే!" అంది వెనకనుంచి ఎవరో. నేనూ నవ్వాను. ఆ తరవాత నా నవ్వు ఆగిపోయింది. గొంతు ఉన్న పది సెకన్లని చెత్తగా చూపిస్తే, సాఫ్ట్‌వేరు ఆ గొంతుని కూడా చెత్త అనుకుని వీడియో పొడుగునా కొంత కొంత తీసేస్తుంది. మిగిలేది బిందె. ఆ బిందె గొంతుని నేను అంతకుముందు విన్నాను. ఎనిమిది నెలలపాటు ప్రతివారం విన్నాను, కారణం తెలియకుండా.

ఇంటికొచ్చి అమ్మ కుట్టుమిషను సొరుగు తెరిచాను. కంచరపాలెం అద్దె ఇల్లు ఖాళీ చేసి అమ్మని సబ్బవరం దగ్గర కొత్త కాలనీలో నా ఇంటికి తెచ్చుకున్నప్పుడు మిషను కూడా వచ్చింది. దారపు ఉండలు, విరిగిన సూదులు, నాన్న కళ్లజోడు, వాటికింద చేతిరుమాల్లో చుట్టిన పాత హార్డ్‌డిస్కు. మా నాన్న వీడియోలన్నీ ఎప్పుడో పోయాయి. ఆ డిస్కులో మిగిలింది నేను తీసెయ్యడానికి దాచుకున్న గది చప్పుళ్లే. దాన్ని మళ్లీ రుమాల్లో చుట్టి సొరుగులో పెట్టేశాను. కంప్యూటరుకి తగిలించడానికి నాకు మూడు వారాలు పట్టింది.

కంచరపాలెంలో మా ఇల్లు రైలు పట్టాలకి ఎంత దగ్గరంటే, గూడ్సు పోయినప్పుడల్లా స్టాండులో గ్లాసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి. కిటికీ గూట్లో వేలు పెట్టి గీస్తే నల్లటి గీత పడేది. అమ్మ రోజుకి రెండుసార్లు తడిగుడ్డతో తుడిచేది, తుడిచినంతసేపే శుభ్రం. పక్కింటి వాళ్లు మేడ మీద ఎండుచేపలు ఆరబెడితే ఆ వాసన మధ్యాహ్నానికి మా దుప్పట్లలోకి కూడా ఎక్కేది. నాన్న పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడు. ఏళ్ల తరబడి అంత ఎత్తున ఇనప గదిలో ఒక్కడే కూర్చునేవాడు. ఓడకీ ఓడకీ మధ్య ఖాళీలో బైబిలు వాక్యం బట్టీపట్టాడు. అందుకే సంఘంలో ఆయన ప్రసంగానికి లేస్తే చేతిలో పుస్తకం ఉండేది కాదు. అధ్యాయాలకి అధ్యాయాలు కళ్లు మూసుకుని చెప్పేవాడు. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని, చద్దన్నంలో పచ్చిమిరపకాయ నంజుకుంటూ ముద్దకీ ముద్దకీ మధ్య కూడా పెదవులు కదిలిస్తూనే ఉండేవాడు. "ఆ మనిసి నిద్దట్లో గురక కూడా పెట్టడు, ప్రార్తన సేత్తాడు," అనేది అమ్మ. సంఘ పెద్దల్లో ఒకడు, అందరూ ఆయన్ని పెద్దయ్య అని పిలిచేవారు. పాస్టరుగారికన్నా ముందు ఆయనకే వందనాలు చెప్పేవారు. అది చూసి మా అమ్మ చీరకొంగు సర్దుకునేది.

ఓడల మీదా, గల్ఫులోనూ పనిచేసే మా సంఘం పిల్లలు కొందరు ఉండేవారు. వాళ్లకి వినపడేలా పెద్దయ్య మాటలు వారానికొకటి నెట్లో పెట్టమని పాస్టరుగారు నన్ను అడిగారు. డిగ్రీ అయిపోయి, కాకినాడలో నర్సింగు సీటు కోసం చూస్తున్న రోజులవి. ఫోనులోనే అంతా అయిపోయే కాలం ఇంకా రాలేదు. మా మేనత్త కొడుకు చిన్నారావు బావ కంచరపాలెంలోనే నెట్ సెంటరు నడిపేవాడు. మా అత్తవాళ్లు మా దేవుడి దగ్గరకి రాలేదు గానీ మా ఇంటికి రావడం మానలేదు. బావ మొదట ఏదో సాఫ్ట్‌వేరు ఇచ్చాడు. దాంతో చేసిన వీడియోలో నాన్న మొహానికి అడ్డంగా ఆ కంపెనీ పేరు పడింది.

"నా మొకం మీద ఎవుడి పేరే అది? నన్ను అమ్మకానికి ఎట్టేరేటి?" అన్నాడు నాన్న.

"ఫ్రీగా వత్తే ముద్దరేత్తారు మావయ్యా. ముద్దరొద్దంటే డబ్బులు కట్టాల," అన్నాడు బావ.

"ప్రబువు ఫ్రీగానే ఇచ్చేడు, ముద్దరేసేడేటి?"

"మీ ప్రబువు సాఫ్ట్‌వేరు సెయ్యలేదు కదా మావయ్యా!"

నాన్న నవ్వాడు. మర్నాడు బావ ముద్ర వెయ్యని ఉచిత సాఫ్ట్‌వేరు వెతికి పెన్‌డ్రైవులో తెచ్చాడు. దాంతోపాటు రెండు కిటుకులు నేర్పాడు. ఒకటి పది సెకన్ల కిటుకు. రెండోది చప్పట్టు. మాకు బొమ్మ ఒక కెమెరాలో, గొంతు నాన్న చొక్కాకి గుచ్చిన చిన్న మైకులో వేరువేరుగా పడేవి. రెండింటినీ కలపాలంటే మొదట్లో గట్టిగా ఒక చప్పట్టు కొట్టాలి. బొమ్మలో చేతులు కలిసిన చోటా, గొంతులో టప్‌మన్న చోటా ఒకటి చేస్తే అంతా కుదిరిపోతుంది. కెమెరా ఎత్తుకోసం నేను పాటల పుస్తకాలు దొంతర పెడితే నాన్న ఒప్పుకోలేదు. "దేవుడి పాటల మీద యంత్రం కూకోకూడదు," అని బియ్యం డబ్బా తెచ్చి పెట్టాడు.

మా నడి గది అలా స్టూడియో అయింది. కిటికీ రెక్కలు మూసి, వాటిమీద అమ్మ కుట్టిన బొంతలు వేలాడగట్టేవాళ్లం. తలుపు సందులో తడి తువ్వాలు. ఫ్యాను ఆపాలి, కుక్కరు పెట్టకూడదు. ఒక రైలు పోయి రెండోది వచ్చేలోగా పని కావాలి. ఎండాకాలం ఆ గదిలో కూర్చుంటే వీపు మీద చెమట చీమలు పాకినట్టు పాకేది. బొంతల పాతగుడ్డ వాసన, నాన్న మోకాళ్లకి రాసుకునే తైలం వాసన, మూసిన గదిలో నిన్నటి ఊపిరి వాసన. ఇప్పుడు కూడా లిఫ్టు తలుపు మూసుకుంటే నాకు ఆ వాసనే వస్తుంది.

రెండో నెలలో నాన్న ఒక మాట దగ్గర ఆగాడు. చిన్న మాటే. దాని కోసం గోడల వైపు చూశాడు, నావైపు చూశాడు. నేను చప్పట్టు కొట్టి "మళ్లీ మొదట్నుంచి చెప్పు నాన్నా" అన్నాను. చెప్పాడు. ఆ తరవాతి వారం నాలుగుసార్లు ఆగాడు. ఇంకో నెలకి, ఆగిన చోటు నుంచి ముందుకి పోవడం ఆయన వల్ల కాలేదు. చప్పట్టు వినపడితే మాత్రం నిద్రలేచినట్టు ఉలిక్కిపడి, "ప్రియమైన సహోదరీ సహోదరులారా, మీ అందరికీ వందనాలు" అని మొదటినుంచి అందుకునేవాడు. ఇరవై నిమిషాల ప్రసంగానికి మూడు గంటలు పట్టేది. కంప్యూటరు ముందు కూర్చుని ఆ ముక్కలన్నీ కోసి అతికేదాన్ని. అతుకు దగ్గర బొమ్మ ఎగిరిపడుతుంది కదా, దానికీ ఒక కిటుకుంది. కోసిన చోట గొంతు ఆపకుండా పైన వేరే బొమ్మ కప్పాలి. భీమిలి అలలు, నాన్న చేతులు, మందిరం మెట్ల మీద చెప్పులు. చూసేవాళ్లు ఎంత అందంగా తీసింది అనుకునేవారు. ఎన్ని అలలుంటే అన్ని కోతలని నాకు తెలుసు.

అమ్మకి కూడా తెలుసు. మోకాళ్ల నొప్పులని చెప్పి ఇద్దరం ఆయన్ని మందిరంలో ప్రసంగానికి లేవనివ్వడం మానేశాం. ఒకరోజు పెరట్లో గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండానే అంది: "సంగానికి తెలిత్తే పెద్దరికం తీసేత్తారే. ఆ మనిసికి అది తప్ప ఏటుంది?"

"ఎన్నాళ్లు దాస్తామే అమ్మా?"

"నువ్వున్నన్నాళ్లు."

కాకినాడ నుంచి కాయితం వచ్చింది. సీటు ఖాయం, ఫలానా తేదీలోగా వచ్చి చేరమని. దాన్ని ట్రంకుపెట్టె అడుగున పరిచిన పేపరు కింద పెట్టాను. నేను వెళ్తే ఆ పని ఎవరికి అప్పగించను? అప్పగించాలంటే ముందు చెప్పాలి. చెబితే దాచింది బయటపడుతుంది. బావకి కూడా చెప్పలేదు. బొంతలు కట్టిన ఆ గది ఆదివారం నుంచి ఆదివారానికి నాతో నడిచొచ్చేది. మందిరంలో అందరూ మెచ్చుకుంటుంటే దోషిలా నవ్వేదాన్ని. అబద్ధ సాక్ష్యం పలకకూడదని ఊహ తెలిసినప్పటినుంచీ నేర్చుకున్నదాన్ని. ఒక్క మాటా నేను కలపలేదు, తీసేశాను అంతే, అని దేవుడితో వాదించేదాన్ని. కలపడమే కాదు తీసెయ్యడమూ తప్పేనని నాకు నేర్పింది నాన్నే.

పైగా గొంతు ఎంత శుభ్రం చేసినా బిందెలోంచి వచ్చేది. "మావయ్య నూతిలో దిగి మాట్లాడతన్నాడేటే?" అని నవ్వాడు బావ. మైకు మార్చాం, బొంతలు మార్చాం, పోలేదు. సంఘం వాళ్లకి మాత్రం అదే నచ్చింది. పెద్దయ్య గొంతులో ఏదో లోతు వచ్చిందన్నారు.

ఆ వీడియోలు చూసే భీమిలి వాళ్లు ఆ ఏటి మహాసభలకి నాన్నని పెద్ద ప్రసంగానికి పిలిచారు. నేను వద్దన్నాను. మోకాళ్ల నొప్పులన్నాను, ఎండన్నాను. పాస్టరుగారు కారు పంపుతామన్నారు. నాన్న నావైపు చూసి, "ఎల్దాం," అన్నాడు. అంతే. ఆ చూపుకి అర్థం నాకు అప్పుడు తెలియలేదు.

మావాళ్లలో ఒక పాత అలవాటుంది. ప్రసంగించేవాడు మాట దొరక్క ఆగితే ముందు వరసలో ఎవరో ఒక ముసలమ్మ కీర్తన ఎత్తుకుంటుంది. అందరూ అందుకుంటారు. పాట అయ్యేసరికి అతనికి మాట దొరుకుతుంది, పరువూ దక్కుతుంది. నేను కోత మీద అలని కప్పినట్టు వాళ్లు ఆగిన చోట పాటని కప్పేవాళ్లు. నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. ఆ పాట ఉందన్న ధైర్యంతోనే చివరికి నేను కూడా ఒప్పుకున్నాను.

సాయంత్రం ఎండ వాలుతోంది. సముద్రం గాలికి షామియానా అంచులు కొట్టుకుంటున్నాయి. నాన్న లేచి వందనాలు చెప్పాడు, అయిదు నిమిషాలు ఏరులా పారాడు, ఆగాడు. నేను ముందు వరస ముసలమ్మల వైపు చూశాను. ఒక్కరూ నోరు తెరవలేదు. తలలు వంచుకుని కళ్లు మూసుకున్నారు. నా పక్కావిడ, "సూడమ్మా, పెద్దయ్య మౌనం కూడా ఎలగుందో," అని గుసగుసలాడింది. అప్పుడు అర్థమైంది నాకు. పెద్దయ్య ఎప్పుడూ ఆగడని వాళ్లకి నేర్పింది నేనే. ఆయన ఆగితే అందుకోవడానికి ఉన్న పాటని వాళ్ల నోటినుంచి నేనే తీసేశాను. నాన్న మైకు స్టాండుని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కళ్లు షామియానా గుంజ దగ్గర మొదలుపెట్టి ఒక్కో మొహం వెతుక్కుంటూ వస్తున్నాయి. నా కోసం. పాట ఎత్తుకుందామంటే మొదటి మాట దొరకలేదు నాకు. నాకు తెలిసిన పని ఒక్కటే. లేచి నిలబడి చప్పట్టు కొట్టాను.

వందల తలలు నావైపు తిరిగాయి. నాన్న మొహంలో దీపం వెలిగింది. "ప్రియమైన సహోదరీ సహోదరులారా, మీ అందరికీ వందనాలు," అన్నాడు. మొదటి అయిదు నిమిషాలూ పొల్లుపోకుండా మళ్లీ చెప్పాడు. అదే చోట ఆగాడు. మళ్లీ కొట్టాను. మళ్లీ వందనాలు. మూడోసారికి నా చేతులు లేవలేదు. ఎక్కడో చిన్నపిల్ల నవ్వింది, వాళ్లమ్మ నోరు మూసింది. అప్పటికి అందరికీ తెలిసిపోయింది. అప్పుడు ఒక ముసలమ్మ, వణుకుతున్న గొంతుతో, కీర్తన ఎత్తుకుంది. మా సంఘం ఆవిడ కాదు, భీమిలి ఆవిడ. ఇంట్లో నెట్టూ ఫోనూ లేని మనిషని తరవాత తెలిసింది. ఆ పాట చివరిదాకా పాడి, అందరూ లేచి నాన్నని చెయ్యిపట్టి దింపారు.

పెద్దరికం ఎవరూ తీసెయ్యలేదు. అమ్మ భయపడింది అనవసరమే. నాన్న ఇంకా మూడేళ్లు బతికాడు. ఆదివారం ముందు వరసలో కూర్చునేవాడు, వందనాలు ఒక్కటే చెప్పేవాడు, అందరూ తిరిగి చెప్పేవారు. బొంతలు విప్పి ఎండలో వేశాం. కాకినాడ తేదీ దాటిపోయింది. ఆ మూడేళ్లూ నేను ఆయన పక్కనే ఉన్నాను. గది మారింది, వెలుతురు వచ్చింది. నేను మాత్రం అందులోనే ఉండిపోయానని చాలాకాలం నాలో ఒక కోపం ఉండేది. దేవుడి మీదో, అమ్మ మీదో, ఆ మరుపు మీదో, ఎవరి మీదో తెలియని కోపం. ప్రార్థనలో కూడా దాన్ని పూర్తిగా దించుకోలేదు.

ఇప్పుడు అన్నీ ఫోనులోనే. ఒక బొత్తాం నొక్కితే ఏది చప్పుడో ఏది గొంతో యంత్రమే తేల్చుకుంటుంది, పది సెకన్లు ఎవరూ ఊరుకోనక్కరలేదు. తడబాట్లు కూడా అదే ఏరి తీసేస్తుందట. నేనే ఇంకా నాకొచ్చిన పాత పద్ధతి నేర్పుతున్నాను. మా సంఘంలో ఒక పాపకి మా రోజుల్లో ఆ బొత్తాం లేదని చెబితే, "మరి పాతకాలంలో ఎలా చేసేవారు ఆంటీ?" అని జాలిపడింది. ఆమెకి చెప్పలేదు గానీ, మా కష్టంలో ఒక లాభముంది. తీసెయ్యాలనుకున్నదాన్ని ముందు దాచుకోవాల్సి వచ్చేది.

మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి డిస్కు తగిలించాను. గది ఒకటి, గది రెండు, గది మూడు అని వరసగా ముప్పై పైచిలుకు ముక్కలున్నాయి. ఆ రోజుల్లో వాటిని ఒక్కసారీ వినలేదు, సాఫ్ట్‌వేరుకి చూపించి పక్కన పడేసేదాన్ని. నాన్న పెదవులు కదలడం చూసేదాన్ని, ఎప్పుడూ కదిలేవే కదా అనుకునేదాన్ని. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, శబ్దం ఎంత పెరుగుతుందో అంతా పెంచాను. దూరంగా గూడ్సు. గ్లాసుల చప్పుడు. పెరట్లో అమ్మ దగ్గు. వాటన్నిటి కింద, చొక్కాకి గుచ్చిన మైకుకి బెత్తెడు దూరంలో నాన్న ఊపిరి, ఆ ఊపిరి మీద మాటలు.

"తండ్రీ, ఈ పిల్లని ఈ గదిలోంచి బయటికి తియ్యి. నా మూలంగా దీన్ని కట్టెయ్యకు. నన్ను అందరి ముందూ నిలబెట్టెయ్యి, దీన్ని ఒగ్గెయ్యి తండ్రీ."

మొదటి నాలుగైదు తప్ప, ముక్కలన్నిట్లోనూ అదే. చివరికొచ్చేసరికి మాటలు తగ్గిపోయాయి. చిట్టచివరి ముక్కలో "ఈ పిల్లని" అని ఒక్కటే ఉంది. తరవాత మాట కోసం వెతుకుతున్నాడు, దొరకలేదు. మళ్లీ "ఈ పిల్లని" అన్నాడు. ఆ వెతుకులాటని కత్తెరతో కొయ్యకుండా, దాని మీద ఏ అలనీ కప్పకుండా మొదటిసారి పూర్తిగా విన్నాను. ఆ ముక్క ఆఖర్న నాన్న గొంతు కాస్త పైకి లేస్తుంది.

"అయిందేటమ్మా?"

వెంటనే ఇరవయ్యొక్కేళ్ల నా గొంతు, విసుగ్గా, తొందరగా:

"అయింది నాన్నా. ఇంక మాట్లాడు."